సోమవారం జబ్బు

బేకరీ యజమాని ఓ కాగితాన్ని డాక్టరమ్మ బల్లమీద పరిచాడు. పిండి కలిపే పనివాడు వెనకే ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"మీరిచ్చిన ఊపిరి కొలిచే గొట్టంలో నెల్లాళ్ళు ఊదించి, అంకెలన్నీ నేనే రాశానండీ. వీణ్ణి నమ్మలేక ఆదివారాలు కూడా ఇంటికెళ్ళి మరీ ఊదించాను. చూడండి, ఆదివారం నాలుగొందల ఎనభై. సోమవారం పనిలో దిగేసరికి మూడొందలు. పనిదొంగ కాకపోతే ఏంటిది?"

డాక్టరమ్మ అక్కడే మూడుసార్లు ఊదించింది. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదించింది.

"మూడుసార్లూ దాదాపు ఒకే అంకె. నటించేవాడికి అలా కుదరదు. మందు పడగానే బాగా పెరిగింది. ఇది ఆస్తమా. ఇంతకీ ఆదివారం లేనిదీ, సోమవారం ఉండేదీ ఏంటి?"

"బద్ధకం."

"మీ పిండి దుమ్ము."

యజమాని కాగితాన్ని వెనక్కి లాక్కోబోయాడు. ఆమె దానిమీద చెయ్యి ఆనించింది.

"ఉండనివ్వండి. ఇంత శ్రద్ధగా సాక్ష్యం రాసిపెట్టే యజమాని ఎవరికి దొరుకుతాడు?"

పనివాడు నెమ్మదిగా అడిగాడు.

"అయితే నాది బద్ధకం కాదా మేడమ్? ఇన్నాళ్ళూ నేనూ అదే అనుకున్నాను."