అతకని బరువు

"అన్నా, రిమ్ము జర పెట్రోల్‌తోని తుడుస్తవా? పోయినపారి పెట్టిన బరువులు వారం గాకముందే రాలిపోయినయి."

నగేశ్‌కు చిర్రెత్తుకొచ్చింది. మానుకోట బస్టాండు వెనక పదేళ్లుగా టైర్ల దుకాణం నడుపుతున్నాడు. తనకు పని నేర్పబోయే వాళ్లంటే పడదు.

వచ్చినాయనకు నలభై ఐదేళ్లుంటాయి. కొత్తగూడ అడవి దిక్కు నుంచి వచ్చినట్టున్నాడు, బండి నిండా ఎర్రమట్టి. ముందు చక్రానికి కొత్త టైరు వేయించుకున్నాడు.

నగేశ్ చక్రాన్ని స్టాండు మీద పెట్టి తిప్పాడు. బరువెక్కువున్న వైపు కిందికొచ్చి ఆగింది. దానికి సరిగ్గా ఎదురుగా, బరువు కోసం జిగురు పట్టీ ఉన్న చిన్న సీసం బిళ్లలు అంటించాలి.

"యాభై దాటితే హ్యాండిల్ వణుకుతాంది," అన్నాడాయన.

"అయితే యాభై దాటకు."

"ఒక్కోపారి తప్పదన్నా."

స్కూటర్‌కు గాలి కోసం వచ్చిన రాజమౌళి నవ్వాడు. కేసముద్రం మార్కెట్‌లో రైతుల పంట కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి వ్యాపారం ఆయనది. నగేశ్‌కు పాత గిరాకి.

"గుడుంబ బండ్లకే గంత ఉరుకులాట ఉంటది నగేశూ." చెవిలో చెప్పినట్టే చెప్పాడు గానీ ముగ్గురికీ వినబడింది.

వచ్చినాయన మొఖం మాడిపోయింది. ఏదో చెప్పబోయాడు. అంతలో ఫోన్ మోగింది. లంబాడి భాషలో రెండు ముక్కలు మాట్లాడి లేచి నిలబడ్డాడు.

"జల్ది బిగించన్నా. పోవాలె."

చూశావా అన్నట్టు రాజమౌళి కన్ను గీటాడు.

రిమ్ము మీద సన్నటి దుమ్ము పొర ఉంది. తుడవాలని నగేశ్‌కు తెలుసు. పెట్రోల్ గుడ్డ చేతికందేంత దూరంలోనే ఉంది. తుడిచి, ఆరనిచ్చి, వేలితో గట్టిగా అదిమి, కాసేపు ఆగితే గాని జిగురు పట్టదు.

దొంగసారా మోసేవాడికి ఇంత సేవ ఎందుకనుకున్నాడు.

దుమ్ము మీదనే బిళ్లలు అంటించి చక్రం బిగించాడు.

"పోవచ్చునా అన్నా?"

"పో."

ఆయన దండం పెట్టి మరీ బండెక్కాడు.

తెల్లారి రాజమౌళి మళ్లీ వచ్చాడు. ఈసారి మొఖంలో నవ్వు లేదు.

"నిన్నటి మనిషి కొత్తగూడ తొవ్వల మూలమలుపు కాడ పడ్డడట. హ్యాండిల్ గిలగిల కొట్టుకున్నదని ఎనక ఆటోల వచ్చేటోళ్లు చెప్పిన్రు. అక్కడికక్కడే పానం పోయిందట."

నగేశ్ దుకాణం మూసేశాడు.

బండిని పోలీస్ స్టేషన్ ముందు పడేసి ఉంచారు. హ్యాండిల్ వంగింది. ట్యాంకు సొట్టబోయింది. ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని రిమ్ము చుట్టూ వేలు పోనిచ్చాడు.

బిళ్లలు లేవు. అవి ఉండాల్సిన చోట వేలికి దుమ్మే తగిలింది.

"నీకేమైతడు?" కానిస్టేబుల్ అడిగాడు.

నగేశ్ లేచి నిలబడ్డాడు. "ఈయనది ఏ ఊరు సార్?" అన్నాడు.

"వాగు అవతలి తండా. పేరు అమర్‌సింగ్."

ఆయన భార్య ముందు నిలబడి జరిగింది చెప్పాలనుకున్నాడు నగేశ్. తిడితే పడాలి, కొడితే కొట్టించుకోవాలి. దారి పొడుగునా మాటలు కూడదీసుకున్నాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా 'పో' అన్న దగ్గరికొచ్చి మళ్లీ మొదటికి పోయాడు.

వాగు దగ్గర తారు రోడ్డు అయిపోయింది. బండి ఒడ్డున పెట్టి మోకాటిలోతు నీళ్లలో దిగాడు.

అవతలి నుంచి ఒక మంచం వస్తోంది. నలుగురు మగవాళ్లు భుజాల మీద మోస్తున్నారు.

శవమేమోనని నగేశ్ చేతులు జోడించాడు.

దగ్గరికొచ్చాక మూలుగు వినిపించింది. మంచం మీద నిండు గర్భిణి. ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలవ్వ నీళ్లలో తడబడుతూ నడుస్తోంది.

ముందున్న మనిషి కాలు రాయి మీద జారింది. మంచం ఒరిగింది. నగేశ్ ఉరికి, పట్టె కింద భుజం పెట్టాడు.

ఒడ్డెక్కేదాకా భుజం తీయలేదు.

"ఎప్పుడు గిట్లనే మోస్తరా అవ్వా?" ఎగపోస్తూ అడిగాడు నగేశ్.

ముసలవ్వ పేరు సక్రి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అంబులెన్సు వాగు దాటదు బిడ్డా. అయినా ఆరేండ్ల సంది మాకు మంచం లేపే పనే పడలే. ఏ తండాల ఎవలికి నొప్పులొచ్చినా, ఎవల్ని పాము కరిచినా, ఒక్క ఫోన్ కొడితే ఉరికొచ్చి, నీళ్లల్లకెల్లి బండి దాటించి మానుకోట దవాఖానకు తోల్కపోయేటోడు మా అమర్‌సింగ్."