ఇందులో నవ్వడానికేముంది?

“తలుపు అంతలా తెరవడురా! నాలుగు వేళ్లు పట్టేంత సందు, అంతే!” అన్నాడు పెద్దాయన, దుప్పటి కొసలు రెండూ పట్టుకుని.

అటువైపు కొసలు పట్టుకున్నవాడు మైకు. నోరు మూతపడదు కాబట్టి ఆ హోటల్ లాండ్రీలో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. పేరుమోసిన స్టాండప్ కమెడియన్ పోయాడని పొద్దున్నే వార్త వచ్చింది. సాయంత్రం క్యాంటీన్లో సంతాపసభ. అక్కడ మైకు ‘ఎదురింటాయన’ ఐటెం చేసి చూపించబోతున్నాడు. ఇప్పుడు జరుగుతున్నది దానికే రిహార్సల్. తలుపు వేషం దుప్పటిది.

ఆ ఐటెం తెలియనివాళ్లు లేరు. కొత్త జోకు తట్టగానే కమెడియన్ వెళ్లి ఎదురింటి తలుపు కొడతాడు. ఎదురింటాయన తలుపు కాస్త తెరిచి, సందులోంచే జోకంతా వింటాడు. విని, “ఇందులో నవ్వడానికేముంది?” అని తలుపేసుకుంటాడు. మూసిన తలుపుకేసి చెవి ఒగ్గి కమెడియన్ అలాగే నిలబడిపోతాడు. అది జనం నవ్వుకోవడానికి ఇచ్చిన వ్యవధి అని అందరూ అనుకుంటారు. జనం కూడా తక్కువ తినలేదు, పొట్టలు పట్టుకుని మరీ నవ్వుతారు. ఆ మాట ఇళ్లల్లో, ఆఫీసుల్లో అందరి నోళ్లలో ఎంతగా నానిందంటే, బస్సు తప్పిపోయినా, కూర మాడినా “ఇందులో నవ్వడానికేముంది?” అనడం మామూలైపోయింది.

“ఎంత తెరిస్తే ఏముందిలే బాబాయ్! ఇప్పుడు చూడు, మొహం మీదే ధడేల్మని ఎలా వేస్తానో!” అన్నాడు మైకు.

“ధడేల్మని వేయడు. గడియ చప్పుడు కూడా వినపడదు.”

“కళ్లారా చూసినట్టే చెబుతున్నావే! ఏ షోలో?”

“షోలకి నేనెప్పుడూ వెళ్లలేదు. ఇంట్లోనే చూశాను.”

“టీవీలో అందరం చూశాంలే!” అని మైకు మూతి మూడు వంకర్లు తిప్పాడు. “ఆ ఎదురింటాయన ఉత్త పిసినారి. నవ్వితే పళ్లరిగిపోతాయని వాడి బాధ!”

ఇస్త్రీ బల్లల దగ్గరున్న వాళ్లంతా పకపకా నవ్వారు. పెద్దాయనకి ఆ నవ్వు వింటే ఎక్కడో కలుక్కుమంది.

“అతన్ని అలా చెడ్డవాణ్ని చేయకురా. ఏ కారణానికి నవ్వలేదో ఏమో. ఒంటరి మనిషి అయ్యుంటాడు.”

“అసలు అలాంటి మనిషంటూ ఉంటేగా!” అంది సూపర్‌వైజరమ్మ, తువ్వాళ్ల బండి తోసుకుంటూ వచ్చి. “అంతా ఆయన అల్లిన కబుర్లు. ఆయన ఎదురుగా నిలబడి జోకు చెబితే కూడా నవ్వని మొద్దు ఎక్కడైనా ఉంటాడా?”

మళ్లీ నవ్వులు. పెద్దాయన దుప్పటి కొసలు తెచ్చి మైకు చేతిలో పెట్టాడు.

“ఇందులో నవ్వడానికేముంది?” అన్నాడు. నిజంగానే అన్నాడు.

లాండ్రీ దద్దరిల్లింది. “చూశారా! బాబాయ్‌క్కూడా అంటుకుంది! ఆ మహానుభావుడు ఎవర్నీ వదిలిపెట్టలేదు!” అని మైకు చప్పట్లు కొట్టాడు.

పెద్దాయన సభకి ఆగలేదు. డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చాడు. మెట్లెక్కేసరికి నడవలో అతని ఎదురింటి ముందు చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి కమెడియన్ ఫొటో, దాని ముందు పూలు కనిపించాయి. తన చెప్పులు కూడా అక్కడ విడిచి లోపలికి వెళ్లాలని మనసు పీకింది. ‘మీరు ఆయనకి ఏమవుతారు?’ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఏమీ కాడు. చప్పుడు కాకుండా తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

తలుపు పక్కనే కుర్చీ. ఆ కుర్చీ అక్కడ వేసుకున్నదే తలుపు చప్పుడు కోసం. ఆ తలుపు కొట్టే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. లైటు వేయడానికి కూడా బుద్ధి పుట్టక అలాగే కూర్చున్నాడు. ఎదురింట్లోంచి మాటలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. మెట్ల మీద అడుగుల చప్పుడూ ఆగిపోయింది.

టక్‌టక్... టక్.

కమెడియన్ ఒక్కడే అలా కొట్టేవాడు! పెద్దాయన గబుక్కున లేచి, అలవాటుగా నాలుగు వేళ్ల సందు తెరిచాడు.

కమెడియన్ భార్య.

“ఏమనుకోకండి అన్నయ్యగారూ. వేరేలా కొడితే మీరు తీయరని ఆయన చెప్పేవారు. అందరూ వచ్చారు, మీరే రాలేదు.”

పెద్దాయన తలుపు బార్లా తెరిచాడు.

“ఏ మొహం పెట్టుకుని రానమ్మా? ఇన్నేళ్లుగా వచ్చి చెప్పాడు, ఒక్కదానికీ ఆయన ముందు నవ్వలేదు. నవ్వితే, జోకు కుదిరిందనుకుని మళ్లీ రాడేమోనని భయం. తలుపేసి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాణ్ని. ఆ ముక్క చెప్పనే లేదు. పాపం, అది తెలియకుండానే వెళ్లిపోయాడు...”

ఆమె కళ్లు తుడుచుకుంది.

“తెలియకపోవడమేంటి అన్నయ్యగారూ! మీరు తలుపేశాక ఆయన చెవి ఆనించి ఇక్కడే నిలబడేవారు. ఆ తువ్వాలు నవ్వు వినపడితేనే జోకు స్టేజీ ఎక్కేది!”