అమ్మమ్మ ఉన్న ఏడాది

"ఈ మీట నొక్కితే మీ తొమ్మిదో ఏటి జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయక్కా," అంది చీరాల జ్ఞాపకాల క్లినిక్‌లో నర్సు. "ఇప్పుడు అందరూ చేయించుకుంటున్నదేగా!"

సలోమి మీట మీద వేలు పెట్టింది. చర్చిలో పాటలు నేర్పిన మాస్టారు తనకు చేసిన పాడుపని గుర్తు లేకుండా పోతుంది. భర్త ఏలియా భుజం తాకితే ఒళ్లు బిగుసుకోవడమూ పోతుంది. పెళ్లయిన ఆరేళ్లుగా ఇద్దరూ ప్రార్థనలో అడుగుతున్నది అదే.

కానీ అమ్మమ్మ తనతో ఉన్నదీ ఆ ఒక్క ఏడాదే. సంఘమంతా నోరు మూసుకున్నప్పుడు సలోమి మాట నమ్మింది ఆమె ఒక్కతే. ఆ తర్వాత పిల్ల ఉలిక్కిపడకుండా, గదిలోకి వచ్చేముందు గుమ్మం అవతలే నిలబడి కీర్తన అందుకునేది.

సలోమి వేలు తీసేసింది. బయట కూర్చున్న ఏలియాకు సంగతంతా చెప్పి, "నామీద కోపంగా ఉందాండీ?" అంది.

"అమ్మమ్మను చెరిపేసుకోమంటానా?" అన్నాడతను.

మర్నాడు సాయంత్రం ఆమె వంటగదిలో ఉండగా, మూసిన తలుపు అవతల కీర్తన మొదలైంది. శ్రుతీ లేదు, తాళమూ లేదు. చరణం అయ్యాక, "లోపలికి రానా?" అన్నాడు ఏలియా.

సలోమికి నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి.

"అమ్మమ్మ రెండో చరణం కూడా పాడేదండీ!"

అతను మళ్లీ గొంతెత్తాడు. చరణం సగంలో ఉండగానే ఆమె వెళ్లి తలుపు తీసింది.