పాత బొమ్మ, కొత్త బొమ్మ

ఎలుక పాత బొమ్మ దగ్గర ఆగనైనా ఆగకుండా కొత్త బొమ్మ వైపు పరిగెత్తింది.

"గుర్తుపట్టేసింది!" అంటూ చప్పట్లు కొట్టింది బోన్లు కడిగే ఆవిడ.

"ష్! అది బెదిరిపోతుంది పిన్నీ," అని కసిరింది పరిశోధన చేస్తున్న అమ్మాయి.

పరీక్ష తేలికే. మరుపు తెప్పించే సూది వేసిన ఎలుకలకి ఆకు పసరు పట్టి, రెండు బొమ్మలు చూపిస్తారు. మర్నాడు ఒక బొమ్మ మారుస్తారు. పసరు పనిచేస్తే ఎలుక కొత్తదాన్నే వాసన చూస్తుంది. లేకపోతే పాతదాన్ని కూడా ఎన్నడూ ఎరగనట్టే చూస్తుంది.

అలా చూసినప్పుడల్లా పిన్ని ముఖం వాడిపోయేది.

"ఎలుకకి గుర్తుంటే నీకేం ఒరుగుతుంది పిన్నీ? అదేమన్నా నీ చుట్టమా?"

పిన్ని నవ్వి మళ్లీ బోన్లు కడగడంలో పడేది.

నడుం నొప్పని ప్రొఫెసర్ సెలవు పెట్టి ఏడాదవుతోంది. ఫోన్లో కూడా దొరకరు. అమ్మాయి ఒక్కతే ఈదుకొస్తోంది. ఫలితాలు చెడితే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే పిన్ని కొంగు చాటున పసరు సీసా కనబడేసరికి ఒళ్లు మండిపోయింది.

"దొంగతనమా?"

"రోజుకి నాలుగు చుక్కలేనమ్మా. ఇంట్లో మనిషికి. ఎవరని అడక్కు, బయటపెట్టనని మాటిచ్చాను."

"ఇది ఎలుకల మందు! మనుషులకి పోస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అంది పిన్ని మెల్లగా. "ఇప్పుడు ఆపించకమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

అమ్మాయి వినలేదు. మధ్యాహ్నానికల్లా ఆవిడని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత ఎలుక గుర్తుపట్టినప్పుడల్లా వెనక ఎవరో చప్పట్లు కొట్టినట్టుండేది. తిరిగి చూస్తే గదిలో బోన్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అమ్మాయికి భయం వేసేది.

నెల తిరిగేసరికి ఫలితాలు తేలాయి. సంతోషం పట్టలేక ఆమె ప్రొఫెసర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

తలుపు తీసింది పిన్ని.

"ఇక్కడ పనికి కుదిరావా?" అంది అమ్మాయి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

పిన్ని పక్కకి తప్పుకుంది.

లోపల ప్రొఫెసర్ ముఖం విప్పారింది. "రా తల్లీ! నా ఎలుకలెలా ఉన్నాయి?"

"మందు పనిచేసింది సార్! ఒక్కటే చిక్కు. మధ్యలో ఆపేస్తే మాత్రం, మళ్లీ ఎంత పోసినా గుర్తు రావడం లేదు."

గుమ్మంలో నిలబడ్డ పిన్ని గోడకి చేరగిలబడింది.

ప్రొఫెసర్ ఆవిడ వైపు ఓరగా చూసి, అమ్మాయి దగ్గరికి వంగి గొంతు తగ్గించారు.

"కిందటి నెలదాకా మా ఆవిడ ఇక్కడే, నా పక్కనే ఉండేదమ్మా. ఎటు వెళ్లిపోయిందో ఏమో, ఆవిడ బదులు ఈ కొత్తావిడ వచ్చి ఉంటోంది."