మేనమామ కుర్చీ

ముహూర్తానికి ఇంకా నలభై నిమిషాలుందనగా మధుసూదనరావు కూర్చున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కాలు ఫట్‌మని చీలింది. ఆయన మూడొందల మంది ముందు వెల్లకిలా పడ్డాడు.

ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలిందల్లా పరువుకే.

మధుసూదనరావంటే ఆషామాషీ మనిషి కాదు. పెళ్లికూతురు హారికకి సొంత మేనమామ. అమ్మాయిని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాల్సింది ఆయనే. ఆయన అలిగితే గంప కదలదు. గంప కదలకపోతే పెళ్లి లేదు. ఈ సంగతి అవనిగడ్డ కల్యాణమండపంలో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆయనకి తెలుసు.

పెళ్లికూతురి తండ్రి ఏడుకొండలు పరుగున వచ్చి ఇంకో కుర్చీ వేయించాడు.

"నాకొద్దు బావా," అన్నాడు మధుసూదనరావు నేలమీదే మఠం వేసుకుని. "కుర్చీ మార్చేస్తే నా బరువుకి విరిగిందని జనం అనుకుంటారు. ఇదే కుర్చీ బాగుచేయించు. అందరూ చూస్తుండగా కూర్చుంటాను. విరక్కపోతే తప్పు నాది కాదని తేలిపోద్ది."

"మరి తప్పెవరిదవుద్ది?"

"కుర్చీది."

ఈ లెక్క ఏ బడిలో చెప్పారో ఏడుకొండలుకి అంతుబట్టలేదు. ఆయనకి అర్థమైంది ఒక్కటే. ఆ ప్లాస్టిక్ కాలు అతక్కపోతే తన కూతురి పెళ్లి ఆగిపోతుంది. భార్య వెంకటరత్నమ్మని పక్కకి పిలిచాడు.

"నీ తమ్ముడికి నువ్వైనా చెప్పవే."

"మా నాన్న చెప్తేనే వినలేదు, నేను చెప్తే వింటాడా? అతికించేవాణ్ణి చూడండి."

చూడ్డానికేముంది? ఇది గమ్ము రాస్తే అయ్యే పని కాదు. వేడిగాలి కొట్టే గన్ను కావాలి. ఈ చుట్టుపక్కల కారు బంపర్ పగిలినా, నీళ్ల ట్యాంకు చిట్లినా, రొయ్యల చెరువు పైపు ఊడినా జనం బందరు తీసుకెళ్లి శ్యాంబాబుకే ఇస్తారు. ఆ శ్యాంబాబు ఇవాళ బందర్లో లేడు. ఇదే మండపంలో, మేడమీద గదిలో ఉన్నాడు. వచ్చిన చిక్కల్లా అదే.

"పెళ్లికని వచ్చినవాణ్ణి పనికెలా పిలుస్తామే?"

"పిలవకపోతే పెళ్లెక్కడుందండీ?"

ఏడుకొండలు కండువా సర్దుకుని మెట్లెక్కాడు. తలుపు దగ్గర నిలబడి విషయం చెబుతుంటే సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

శ్యాంబాబు విని నవ్వేశాడు. "గన్ను నా వ్యాన్‌లోనే ఉందండీ మావయ్యగారూ. అది లేకుండా నేనెక్కడికీ వెళ్లను."

"ఇక్కడికి కూడానా?"

"ఇక్కడికి కూడానండీ."

"మావాడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. బట్టల మీద మచ్చ పడితే మార్చుకునే టైము కూడా లేదు," అని శ్యాంబాబు తల్లి వెనకనుంచి సణిగింది. ఏడుకొండలు ఆవిడకీ ఒక దణ్ణం పెట్టాడు.

గన్నుతో శ్యాంబాబు దిగి రావడం చూసి మధుసూదనరావు కాస్త కంగారుపడ్డాడు. "నువ్వెందుకు వచ్చావు బాబూ," అని గొణిగాడు. అలాగని నేలమీంచి లేచాడా? లేవలేదు.

అతకడానికి అదే రకం ప్లాస్టిక్ పుల్ల కావాలి, రంగూ కలవాలి. పెళ్లికొచ్చినవాళ్లకి పంచే ప్లాస్టిక్ డబ్బాల మూతలు అదే రకం, పైగా ఎర్రవే. శ్యాంబాబు ఒక మూత తీసుకుని, వధూవరుల పేర్లు అచ్చేసిన చోటు జాగ్రత్తగా వదిలేసి, అంచుని సన్నగా కత్తిరించాడు. చీలిక పొడవునా చాకుతో గాడి తీశాడు. గన్ను బుస్సుమంది.

"రెండూ ఒకేసారి మెత్తబడాలండీ," అంటూ పుల్లని గాడిలోకి నొక్కుకుంటూ పోయాడు. "ఒకటే కరిగితే అతుకు నిలబడదు."

ఫోటోగ్రాఫర్ అతని చుట్టూ తిరిగి ఫోటోల మీద ఫోటోలు తీశాడు. ఇవి కూడా ఆల్బమ్‌లో పెడతాడేమోనని ఏడుకొండలు బెంగపడ్డాడు. పురోహితుడు వాచీ చూస్తున్నాడు. సన్నాయివాళ్లు కూడా వాయించడం మానేసి చూస్తున్నారు.

శ్యాంబాబు వంకరపోయిన కాలుని వేడిచేసి తిన్నగా వంచాడు. తడి తువ్వాలు చుట్టాడు.

"ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకండి."

ముహూర్తానికి ఉన్నది తొమ్మిది. ఆ ఐదు నిమిషాలూ మూడొందల మంది కుర్చీ వంకే చూస్తూ కూర్చున్నారు. ఏడుకొండలు తనకి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాడు.

తువ్వాలు తీశారు. మధుసూదనరావు లేచి, పంచె దులుపుకుని, మెల్లగా కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. అంతే, ఇంకేం కాలేదు. ఆయన కాలు మీద కాలేసుకుని మరీ చూశాడు.

"చూశారుగా," అన్నాడు జనం వైపు తిరిగి. "తప్పు కుర్చీది."

అని, చొక్కా చేతులు మడుచుకుంటూ గంప ఎత్తడానికి వెళ్లాడు. సన్నాయి మళ్లీ అందుకుంది. ఏడుకొండలుకి కళ్లనీళ్లు తిరిగాయి. శ్యాంబాబు చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఈ మేలు జన్మలో మర్చిపోను బాబూ."

"అదేం మాటండీ. ఇది నా పని కూడా కదా."

మైకులో పురోహితుడి గొంతు వినిపించింది. "అమ్మాయి బయల్దేరింది. పెళ్లికొడుకేడండీ? త్వరగా పీటల మీదికి రమ్మనండి."

శ్యాంబాబు ఇంకా వేడి ఆరని గన్నుని ఏడుకొండలు చేతిలో పెట్టి, వేడికి పాడవుతుందని పనికి ముందే విప్పి గన్ను పెట్టెలో దాచిన బాసికాన్ని తీసి నొసట కట్టుకుంటూ పీటల వైపు పరుగెత్తాడు.