పదిహేడుకు పదిహేడు

“ఇంకాస్త పైకెత్తండి సార్. నెత్తి మీద రంగు ఫొటోలో పడాలి,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

వార్డు మెంబరు కుక్కను చంకలోకి ఎత్తుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కుక్కను ముట్టుకోవడం అదే మొదటిసారి. కానీ ఎన్నికలు నెల్లాళ్ళలో ఉన్నాయి. ఓటరు అందిస్తే పామునైనా ముద్దాడే రోజులు.

వీధి కుక్కలన్నిటికీ రేబిస్ టీకాలు వేయించిన ఘనత తనదేనని చెప్పుకోవడానికే ఈ సభ. నాలుగు రోజుల కిందట బృందం వలలతో వచ్చింది. ఒక్కో కుక్కనూ పట్టడం, సూది వెయ్యడం, మళ్ళీ దాన్నే పట్టకుండా గుర్తుగా చెవుల మధ్య ఆకుపచ్చ రంగు పూసి వదిలెయ్యడం. అదీ పద్ధతి.

“పదిహేడుకు పదిహేడు సార్,” అన్నాడు టీకాలాయన చంకలో పుస్తకం సర్దుకుంటూ. “మొదట పుస్తకంలో ఒకటి తక్కువొచ్చింది. మళ్ళీ వీధంతా తిరిగి రంగున్న నెత్తులు లెక్కపెట్టాం. సరిపోయింది.”

“మరి పుస్తకం?”

“దిద్దేశాం.”

“పనంటే అదీ!” అన్నాడు మెంబరు.

సభకు ఈ ఇంటి ముందు జాగానే నచ్చింది ఆయనకు. వీధి మొత్తానికి కళగా ఉన్న గేటు అదొక్కటే. ఇంటావిడ తనే బ్రష్షు పట్టి మొన్నామధ్య ఒక పూత, ఇవాళ పొద్దున ఒక పూత వేసింది. ఆవిడను వీధిలో అందరూ ‘అమ్మో అక్క’ అంటారు. మబ్బు పడితే అమ్మో పిడుగు. కూతురు తుమ్మితే అమ్మో న్యుమోనియా. గ్యాస్ కట్టేశానా లేదా అని బజారు సగంలోంచి వెనక్కొచ్చే రకం.

“గేటుకు ఆనుకోకండి, ఇంకా ఆరలేదూ...” అని ఆవిడ అరిచేలోపే, ఫొటో కోసం వెనక్కి జరిగిన మెంబరు తెల్లచొక్కాకు మోచేతి దగ్గర ఆకుపచ్చ రంగు అంటుకుంది.

“పర్లేదు సార్, మీకూ టీకా పడినట్టే,” అన్నాడు టీకాలాయన. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

“ఆ రోజు మీ వలకు అడ్డం పడింది ఈవిడేనా?” అనడిగాడు మెంబరు.

“ఈవిడే సార్. మీరెత్తుకున్న ఈ కుక్క కోసమే, జవాను అంటారు దీన్ని. ‘అమ్మో, వలలో మెడ బిగుసుకుంటే? సూది పడక చచ్చిపోతే? మా పాపను రోజూ బడిదాకా దిగబెట్టొచ్చేది ఇదే’ అని ఒకటే ఏడుపు.”

“మరి చివరికి ఒప్పుకుందా?”

“చూస్తున్నారుగా సార్, నెత్తిన రంగు.”

కెమెరా తళుక్కుమంది. మెంబరు ఉంగరానికి జవాను బొచ్చు చిక్కుకుంది. ఆయన చెయ్యి గుంజాడు. అది కయ్యిమని ఆయన బొటనవేలు కొరికి కిందికి దూకింది. వేలి మీద నెత్తురు చుక్క లేచింది.

అందరికన్నా ముందు కదిలింది అమ్మో అక్కే. లోపలికి పరిగెత్తి బకెట్టూ సబ్బూ తెచ్చి, ఆయన చెయ్యి లాక్కుని బట్టలుతికినట్టు రుద్దడం మొదలుపెట్టింది.

“పదిహేను నిమిషాలు కడగాలండీ. తర్వాత సరాసరి ఆస్పత్రికెళ్ళి సూదులు వేయించుకోండి. ఇవాళే. ఇప్పుడే.”

ఫొటోగ్రాఫరు అది కూడా తీశాడు.

టీకాలాయన మెడ గోక్కున్నాడు. “రూలు ప్రకారం అయితే... వేయించుకోవాలి సార్.”

“బుర్రుందా నీకు?” మెంబరు గొంతు తగ్గించాడు. “టీకా వేసిన కుక్క పన్ను గీరితే నేనే ఆస్పత్రికి పరిగెడితే, రేపు నీ టీకాను ఎవడు నమ్ముతాడు? నన్నెవడు నమ్ముతాడు?”

టీకాలాయన పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా చంకలో నొక్కుకున్నాడు.

మెంబరు తడి చేత్తోనే మైకు అందుకున్నాడు. “ఓటర్ల మీద నాకెంత నమ్మకమో, ఈ వీధి కుక్కల మీదా అంతే నమ్మకం! ఒక్క సూది కూడా వేయించుకోను!”

చప్పట్లు మోగాయి. ఇంత గిరాకీ ఉన్న మాట ఆయన నోటి వెంట ఈ ఐదేళ్ళలో రాలేదు. వేలు చురుక్కుమన్నా నవ్వు చెదరకుండా కారు దగ్గరికి నడిచాడు.

కారు తలుపుకు అడ్డంగా అమ్మో అక్క నిలబడి ఉంది.

“ఆ జబ్బు ఒకసారి వచ్చిందంటే మందు లేదండీ. మనిషి దక్కడు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆస్పత్రికి పదండి.”

“నిన్న పాలు విరిగినా ఎవరో విషం కలిపారంది సార్, మీరు పదండి,” అన్నాడు పక్కింటాయన. జనం గొల్లున నవ్వారు. ఎప్పుడైనా జనం నవ్వితే ఆవిడ తలొంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయేది. ఇవాళ మాత్రం తలుపు వదల్లేదు.

గేటు దగ్గర కూతురు బిస్కెట్టు చూపించి జవానును పిలిచింది.

“ముట్టుకోకే!” ఆవిడ పెట్టిన కేకకు పిల్ల చేతిలో బిస్కెట్టు జారిపోయింది. రోజూ ఒకే బిస్కెట్టు చెరి సగం తినే జత అది.

మెంబరుకు జాలేసింది. ఇలాంటి తల్లి చేతిలో ఆ పిల్ల ఎలా పెరుగుతుందో ఏమో. పెద్దమనిషి తరహాలో ఆవిడ భుజం తట్టాడు.

“చూడమ్మా, నీ భయంతో పసిదాన్ని కూడా బెదరగొడుతున్నావు. ఆ కుక్క నెత్తి మీద అంత రంగుంటే నీకు కనబడ్డం లేదా?”

ఆవిడ ఒకసారి ఆయన మోచేతి వైపు చూసింది.

“అది మా గేటు రంగండీ.”