నీలం డయలు

"నా ప్లక్కర్ మళ్ళీ తీశారా?"

"తియ్యలేదు. కాసేపు వాడుకుంటున్నాను."

"కనుబొమలు పీక్కునే ప్లక్కర్ వాడుకునే మగవాణ్ణి మిమ్మల్నే చూశాను! చెల్లెలూ మరిదీ కాసేపట్లో దిగుతారు. ఒక కనుబొమ అయింది, రెండోది అలాగే ఉంది. ఈ మొహంతో వడ్డించమంటారా?"

"వాచీకి ఆఖరి ముల్లు, సెకన్లది. ఒక్క నిమిషం ఆగు," అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. ముప్పై ఏళ్ళుగా రబ్బరు స్టాంపులు చెక్కే మనిషి, తల ఎత్తి మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయాడు.

మూడు నెలల కిందట ఆయన తోడల్లుడు చెయ్యి చాపి తన ఖరీదైన వాచీ చూపించాడు. "ఇది కావాలంటే రెండేళ్ళు క్యూలో ఉండాలి అన్నయ్యా!" అన్నాడు. "దానికి క్యూ దేనికి? అలాంటిది నేనే చేస్తా, చూడు," అని ఈయన నోరు జారాడు. జారిన మాటని ఇల్లాలు అక్కడితో వదల్లేదు. ఫోను చేసినప్పుడల్లా చెల్లెలితో, "మా ఆయనది చూశాక మీ ఆయన తనది విప్పి జేబులో పెట్టుకుంటాడు, చూడవే," అంటూ వచ్చింది. చూసే రోజు ఇవాళే.

"అయిపోయింది!" అని ఆయన వెనక్కి వాలాడు.

ప్లక్కర్ కోసం వంగిన ఇల్లాలు వాచీ చూసి ఆగిపోయింది. నీలం డయలు, వెండిలా మెరిసే అంకెలు, సూదుల్లాంటి ముళ్ళు. అచ్చం మరిది వాచీయే. ఇంకొకరి పేరు వాడుకోవడం దొంగతనమని, కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఆయన ఇంకేదో చెక్కాడు. ఆమెకి ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు.

"ఇది ఏ దేశం భాషండీ?"

"తెలుగే. 'సొంత చేత్తో' అని."

ఆమె కళ్ళు చికిలించింది. పన్నెండుకి కుడిపక్కన పదకొండు, ఎడమపక్కన ఒకటి.

"ఏమండీ! మొత్తం తిరగేసి చెక్కారు!"

"నాకు బాగానే కనిపిస్తోందే."

"మీకెందుకు కనిపించదు! స్టాంపయితే తిరగేసి చెక్కాలి, కాగితం మీద తిన్నగా పడుతుంది. దీన్ని ఏ కాగితం మీద గుద్దుతారు?"

"అదా సంగతి," అన్నాడు మెల్లగా. "ముళ్ళు వెనక్కి తిరుగుతున్నాయని నిన్నంతా కూర్చుని లోపల మిషన్‌ని తిప్పి బిగించాను."

ఆమె చేతి అద్దం తెచ్చి వాచీ ముందు పెట్టింది. అద్దంలో వాచీ చక్కగా పన్నెండుంపావు చూపిస్తోంది. గోడ గడియారంలోనూ అంతే.

"పొరపాటైందని చెప్పేస్తాలే."

"చచ్చినా చెప్పకండి! మా చెల్లెలు పదేళ్ళు నవ్వుతుంది. చొక్కా చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టుకోండి. భోజనం అయ్యేదాకా ఎడమ చెయ్యి టేబులు కిందే ఉండాలి."

అంతలోనే కాలింగ్ బెల్ మోగింది. రెండో కనుబొమ అలాగే ఉండిపోయింది.

"ఏంటక్కా, అంత ఆశ్చర్యపోతున్నావ్? మేం వస్తామని చెప్పాంగా," అంది చెల్లెలు లోపలికి వస్తూనే అక్క కనుబొమల వంక చూసి.

వడ్డన పూర్తయ్యేదాకా కూడా మరిది ఆగలేదు.

"ఏదన్నయ్యా మీ వాచీ?"

"ముందు తినండి, కూర చల్లారిపోతుంది," అంది ఇల్లాలు.

"కూరదేముంది వదినా!" అని మరిది టేబులు కిందికి వంగి, తోడల్లుడి చెయ్యి పైకి లాగి, గుండీ విప్పేశాడు.

చెల్లెలు అప్పుడే నవ్వుకి సిద్ధమవుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లాలు గబుక్కున ముందుకొచ్చింది.

"ప్రపంచం మొత్తం మీద ఇలాంటిది ఇదొక్కటే," అనేసింది. అబద్ధమేం కాదుగా.

మరిది వాచీ మీదికి వంగాడు. "వెనక్కి తిరుగుతోందే!" అన్నాడు. వేళ్ళతో లెక్క చూసుకున్నాడు. "అయినా టైము కరెక్టే!" అన్నాడు. తర్వాత తన మణికట్టు వంక చూసుకున్నాడు. మొహం చిన్నబోయింది. "ఇలాంటివి మా ఆఫీసులోనే నలుగురికి ఉన్నాయి."

"ఉంటే ఏమైంది? తినండి," అంది చెల్లెలు.

"నువ్వుండు!" అని మరిది చెంచా కింద పెట్టాడు. "వదినా, అందరి ముందూ చెబుతున్నా. మేం మార్చేసుకుంటాం. నాది అన్నయ్యకి, అన్నయ్యది నాకు!" అని తన వాచీ విప్పి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"మీకేమైనా పిచ్చా?" అని చెల్లెలు లేచి నిలబడింది.

ఇల్లాలి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. రెండేళ్ళు క్యూలో ఉంటే గానీ దొరకని వాచీ తనంతట తానే నడుచుకుంటూ ఆమె భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసింది. తీసుకోమన్నట్టు బల్ల కింద మొగుడి కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

ఆయన ఆ వాచీని కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నుదురు ముడిపడింది. చివరికి తల ఎత్తి, తోడల్లుడి వంక జాలిగా చూశాడు.

"మార్చుకోవడాలు వద్దులే తమ్ముడూ. పాపం, నీదాంట్లో అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. ఓ వారం నా దగ్గర వదిలేసి వెళ్ళు, సరిగ్గా చెక్కి పెడతా."